హ్యాండీక్యామ్ క్యాసెట్లు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటే రొద వస్తోందా? ఎక్కడ పుడుతోందో పట్టుకుని వదిలించుకునే పద్ధతి

పాత పెళ్లి క్యాసెట్టు ల్యాప్‌టాప్‌లోకి ఎక్కిస్తారు. బొమ్మ బాగానే వస్తుంది. వినబోతే మాత్రం మంత్రాల వెనక గుయ్యిమని ఒకటే రొద. చాలామంది వెంటనే నాయిస్ తీసేసే సాఫ్ట్‌వేర్ వెతుక్కుంటారు. అది ఆఖరున చేయాల్సిన పని. టేపులో లేని రొద తీగలోనో కరెంటులోనో పుట్టి ఉంటే దాన్ని ఎక్కించేటప్పుడే పూర్తిగా ఆపొచ్చు. ఎక్కించాక తీయబోతే దాంతోపాటు గొంతులూ కొంత పోతాయి.

ఇక్కడ చెప్పేవన్నీ హై8, వీడియో8, వీహెచ్‌ఎస్, మినీడీవీ టేపులకు సంబంధించినవి. మెమరీ కార్డులోనో హార్డ్‌డిస్కులోనో రికార్డు చేసే క్యామెరా అయితే మీరు చేసేది ఫైలు కాపీ చేయడమే. కాపీలో రొద చేరదు. వినబడుతోందంటే అది షూటింగ్‌నాడే పడింది, నేరుగా చివరి భాగానికి వెళ్లిపోండి.

మొదట హెడ్‌ఫోన్స్‌తో వినండి

క్యామెరాకున్న తీగలన్నీ పీకేయండి. బ్యాటరీ పనిచేస్తుంటే బ్యాటరీ మీదే నడపండి. హెడ్‌ఫోన్స్ క్యామెరాకే పెట్టి, ఎవరూ మాట్లాడని చోటు ఒకటి, బాగా గోలగా ఉన్న చోటు ఒకటి, చెరొక నిమిషం వినండి. ఇక్కడే రొద ఉంటే అది టేపుదో క్యామెరాదో. ఇక్కడ శుభ్రంగా ఉండి కంప్యూటర్‌లో మాత్రమే వస్తుంటే తప్పు తీగలది, కరెంటుది, లేదా కంప్యూటర్ సెట్టింగులది.

ఒక జాగ్రత్త. కొన్ని క్యామెరాల్లో బొమ్మనూ ధ్వనినీ బయటికి పంపే ఏవీ కేబుల్‌కూ హెడ్‌ఫోన్స్‌కూ ఒకటే రంధ్రం ఉంటుంది. మెనూలో దాన్ని హెడ్‌ఫోన్స్‌కు మార్చకపోతే చెవిలో జోరీగ దూరినట్టు గట్టిగా రొద వస్తుంది. అది టేపు లోపం కాదు, వీడియో సిగ్నల్ మీ చెవిలోకి వస్తోంది. క్యాసెట్టును తిట్టుకునే ముందు మెనూ చూడండి.

తర్వాత తీగలన్నీ మళ్లీ తగిలించి ఇంకో రెండు పరీక్షలు చేయండి. టేపు ఆపేసి, కంప్యూటర్‌లో మాత్రం రికార్డింగ్ నడవనివ్వండి. టేపు ఆగినా రొద ఆగలేదంటే టేపుకు దాంతో సంబంధం లేదు. రెండోది: చిటపటలు వచ్చే ఒక 10 సెకన్ల ముక్కను వెనక్కి తిప్పి రెండుసార్లు ఎక్కించండి. రెండుసార్లూ సరిగ్గా అదే మాట మీద క్లిక్ పడితే అది టేపులోదే. ఒక్కోసారి ఒక్కోచోట పడితే కంప్యూటర్ తడబడుతోంది, లేదా క్యామెరా హెడ్ (టేపును చదివే భాగం) మురికిగా ఉంది.

మినీడీవీకి ఏవీ కేబుల్ వాడుతున్నారా? మానేయండి

మినీడీవీ టేపులో ధ్వని ముందే అంకెలుగా ఉంటుంది. 48 కిలోహెర్ట్జ్ 16 బిట్, లేదా 32 కిలోహెర్ట్జ్ 12 బిట్. ఫైర్‌వైర్ తీగతో (సోనీ క్యామెరాల మీద ఐలింక్ అనీ, చాలా వాటి మీద డీవీ అనీ రాసి ఉంటుంది) తీస్తే ఆ అంకెలే కంప్యూటర్‌లోకి వస్తాయి. దారిలో హమ్ (గుయ్యిమనే కరెంటు రొద) చేరే వీలే లేదు. ఎర్రా తెల్లా పసుపూ పిన్నుల కేబుల్‌తో తీస్తే అంకెలు ఒకసారి సిగ్నల్‌గా మారి, కంప్యూటర్ దగ్గర మళ్లీ అంకెలవుతాయి. మధ్యలో ఉన్న రొదంతా చేరేది అక్కడే.

చాలా మినీడీవీ క్యామెరాలకు యూఎస్‌బీ రంధ్రం కూడా ఉంటుంది. దాన్ని చూసి మోసపోకండి. ఎక్కువ మోడళ్లలో అది మెమరీ కార్డులోని ఫొటోలకో, తక్కువ నాణ్యత గల వీడియోకో మాత్రమే. ఫైర్‌వైర్ పోర్టు ఉన్న పాత డెస్క్‌టాప్ దొరికితే, లేదా ఫైర్‌వైర్ పోర్టున్న పీసీఐ కార్డు డెస్క్‌టాప్‌లో వేసుకుంటే గంట టేపు గంటలో, సుమారు 13 జీబీ ఫైలుగా దిగుతుంది. 6 పిన్నుల చివరను తిరగేసి బలవంతంగా తోయకండి. దాంట్లో కరెంటు ఉంటుంది, క్యామెరా పోర్టు కాలిపోతుంది. తీగ పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ క్యామెరా ఆపేసి ఉంచడం మేలు.

హై8 టేపులున్నవాళ్లకూ ఒక మంచి దారి ఉంది. సోనీ డిజిటల్8 క్యామెరాల్లో కొన్ని మోడళ్లు పాత హై8, వీడియో8 టేపుల్ని కూడా ఆడించి ఫైర్‌వైర్ ద్వారా బయటికి పంపుతాయి. అలాంటిది అరువుకు దొరికితే కింది కరెంటు గొడవలు చాలావరకు తప్పుతాయి.

గుయ్యిమనే హమ్: కరెంటు నుంచి వచ్చేది

ఏవీ కేబుల్, యూఎస్‌బీ క్యాప్చర్ డివైస్ (కేబుల్‌లో వచ్చే సిగ్నల్‌ను అంకెలుగా మార్చి కంప్యూటర్‌కు ఇచ్చే చిన్న పరికరం) వాడేవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. మన కరెంటు 50 హెర్ట్జ్. కాబట్టి హమ్ 50 దగ్గరా, దాని రెట్లైన 100, 150, 200 దగ్గరా ఉంటుంది. అమెరికాలో కూర్చుని ఈ పని చేసేవాళ్లకు 60, 120.

గుర్తుంచుకోవాల్సింది ఒకటే: గోడ కరెంటు మీద నడిపేటప్పుడు ఎర్త్‌కు దారి ఒక్కటే ఉండాలి. అసలు లేకపోయినా రొదే, రెండు దార్లున్నా రొదే. ల్యాప్‌టాప్ ఛార్జర్ త్రీపిన్ అయితే అది ఒక దారి. క్యామెరా టీవీకి కూడా తగిలి ఉండి, ఆ టీవీకి సెట్‌టాప్ బాక్సు, దానికి డాబా మీది డిష్ తీగ ఉంటే అది రెండో దారి. ఈ రెండింటి మధ్య ఉండే కాస్త వోల్టేజీ తేడా ఆడియో తీగ పై తొడుగులోంచి పారుతుంది, అదే మీకు గుయ్యిమని వినిపిస్తుంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. బొమ్మలో కూడా అడ్డంగా లేత చార ఒకటి నెమ్మదిగా పాకుతుంటే అనుమానమే అక్కర్లేదు.

ఈ వరుసలోనే చేయండి. ఒక్కో అడుగుకూ రొద విని తర్వాతిదానికి వెళ్లండి, అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

1. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేయండి. సగం ఇళ్లలో హమ్ ఇక్కడే ఠక్కున ఆగిపోతుంది. ఆగితే ఇక వేరే వైద్యం వద్దు. బ్యాటరీ నిండా ఎక్కించుకుని టేపు మొత్తం దాని మీదే తీయండి. గంటసేపు నిలవకపోతే సగం సగంగా తీసి అతికించండి.

2. ఆగలేదా? క్యామెరా అడాప్టర్ కూడా పీకి బ్యాటరీ మీద నడపండి. ఇప్పుడు ఆగితే దోషం అడాప్టర్‌ది. పాత బ్యాటరీలు ఛార్జి పట్టవు కాబట్టి అదే నంబరు బ్యాటరీ కొత్తది ఒకటి కొనుక్కోవడం మిగతా ప్రయత్నాలన్నిటికంటే చవక.

3. డెస్క్‌టాప్ వాడుతున్నా, ల్యాప్‌టాప్ బ్యాటరీ పోయినా క్యామెరా అడాప్టర్‌నూ కంప్యూటర్‌నూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో, ఒకే గోడ సాకెట్‌కు పెట్టండి.

4. కంప్యూటర్‌కున్న ప్రింటర్, ఇంటర్నెట్ కేబుల్, రెండో మానిటర్, స్పీకర్లు పీకేయండి. క్యామెరాకు టీవీ తగిలించి ఉంటే అదీ తీసేయండి.

5. గదిలోకి చూడండి. ఫ్యాను స్పీడును తిప్పుడు మీటతో తగ్గించే పాతరకం ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు కొన్ని కరెంటు అలను మధ్యలో కోసి పంపుతాయి. దాంతో హమ్‌కు బదులు గీరుతున్నట్టు జుర్రుమనే రొద వస్తుంది. ఫ్యాను ఆపండి, లేదా ఫుల్లులో పెట్టండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తుంటే పని ఆపేయండి. స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ ఇచ్చే రొదను ఏ ఫిల్టరూ పూర్తిగా తీయలేదు. సెల్‌ఫోన్ తీగలకు కనీసం ఒక మీటరు దూరంలో ఉండాలి. ‘డిట్ డిడిట్ డిట్’ అని మధ్యమధ్య వస్తుంటే అది ఫోనే.

6. పొడి చేతితో ఆర్‌సీఏ పిన్ను (ఎరుపు, తెలుపు, పసుపు పిన్నుల్లో ఒకటి) లోహపు తొడుగును తాకి చూడండి. తాకగానే రొద తగ్గితే మీ దగ్గర ఎర్త్ దారి అసలు లేదన్నమాట. రెండు పిన్నుల అడాప్టర్లు, మూడో రంధ్రంలో వైరే లేని సాకెట్లు మన ఇళ్లలో మామూలే. ఎర్తింగ్ సరిగా ఉన్న సాకెట్‌లో త్రీపిన్ ఛార్జర్ పెడితే సరిపోతుంది. తాకినప్పుడు వేలికి జివ్వుమని తగిలితే మాత్రం వెంటనే అన్నీ పీకి ఎలక్ట్రీషియన్ చేత ఎర్తింగ్ చూపించండి.

7. ఇవేవీ కుదరకపోతే ఆఖరి మందు గ్రౌండ్ లూప్ ఐసోలేటర్. రెండు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లున్న డబ్బా అది. ఎరుపు, తెలుపు తీగల మధ్యలో, క్యాప్చర్ డివైస్‌కు దగ్గరగా పెట్టాలి. మరీ చవకబారుదైతే డోలు దెబ్బలోని బరువు కాస్త తగ్గుతుంది. పసుపు తీగకు దాన్ని పెట్టకూడదు, బొమ్మ పాడవుతుంది. యూఎస్‌బీ ఐసోలేటర్ అని ఇంకోటి అమ్ముతారు. చవకగా దొరికేవి సెకనుకు 12 మెగాబిట్ల దగ్గరే ఆగిపోతాయి, వీడియో క్యాప్చర్‌కు 480 వేగం కావాలి. కొనకండి.

త్రీపిన్ ప్లగ్గు నుంచి ఎర్త్ పిన్ను విరగ్గొడితే హమ్ పోతుందని చెప్పేవాళ్లుంటారు. పోతుంది కూడా. ఛార్జర్ లోపల ఏదైనా లోపం వచ్చిన రోజున 230 వోల్టులు మీరు పట్టుకున్న క్యామెరా దాకా వస్తాయి. ఆ పని మాత్రం చేయకండి.

జోరీగలా గట్టిగా, బొమ్మతోపాటు మారే రొద

తెల్లచీరలు, ఫ్లడ్‌లైట్లు ఫ్రేములోకి రాగానే రొద పెరిగి, చీకట్లో తగ్గుతోందా? వీడియో సిగ్నల్ ఆడియోలోకి దూరింది. కారణం దాదాపు ఎప్పుడూ కేబులే. క్యామెరా వైపు 3.5 మిల్లీమీటర్ల పిన్నుకు నాలుగు పట్టీలుంటాయి. ఏ పట్టీ వీడియోది, ఏది గ్రౌండుది అన్నది కంపెనీని బట్టి మారుతుంది. చూడ్డానికి అన్నీ ఒకలాగే ఉంటాయి కాబట్టి సెట్‌టాప్ బాక్సుతో వచ్చిన కేబుల్ క్యామెరాకు పెట్టేస్తారు.

క్యామెరాతో వచ్చిన అసలు కేబుల్ దొరికితే అదే వాడండి. లేకపోతే ఉన్నదాంతోనే రంగులు మార్చి చూడండి: డివైస్ పసుపు రంధ్రంలో ఎర్రపిన్ను, తర్వాత తెల్లపిన్ను పెట్టండి. ఏదో ఒకదానికి బొమ్మ వస్తే మిగతా రెండూ ఆడియో, అంతే. బొమ్మ వచ్చినా ధ్వని పల్చగా, దూరంగా ఉంటే గ్రౌండ్ పట్టీ తేడా పడింది, ఆ కేబుల్ పనికిరాదు. అసలు కేబులే అయినా రొద వచ్చిపోతుంటే పిన్నును రంధ్రంలోనే మెల్లగా తిప్పండి. కరకరమంటే పట్టీల మీద చిలుము పట్టింది. కాంటాక్ట్ క్లీనర్ ఒక చుక్క పిన్నుకు రాసి, క్యామెరా ఆపేసి పది పన్నెండుసార్లు పెట్టి తీయండి.

బుస్సుమనే ధ్వని, పగిలిన గొంతులు

ఇక్కడ అన్నిటికంటే మామూలు పొరపాటు ఒకటుంది, అది తీగది కాదు. సాఫ్ట్‌వేర్ క్యాప్చర్ డివైస్ నుంచి కాకుండా ల్యాప్‌టాప్ సొంత మైక్ నుంచి ధ్వని తీసుకుంటుంటుంది! స్పీకర్లలో వచ్చే పెళ్లి ధ్వని, గది ఫ్యాను, పక్కింటి కుక్కర్ విజిల్ అన్నీ కలిసి రికార్డవుతాయి. తేల్చుకోవడం తేలిక: రికార్డింగ్ నడుస్తుండగా ల్యాప్‌టాప్ అంచు మీద గోటితో తట్టండి. మీటరు ఎగిరిందా, మైకే వాడుతోంది. విండోస్ సౌండ్ సెట్టింగుల్లో రికార్డింగ్ జాబితాకు వెళ్లి లోపలి మైక్‌ను డిసేబుల్ చేసి, ఓబీఎస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోనో మీరు వాడేదాంట్లోనో క్యాప్చర్ డివైస్‌ను ఆడియోకు కూడా ఎంచుకోండి.

ఆ జాబితాలోనే క్యాప్చర్ డివైస్ ప్రాపర్టీస్ తెరిచి మూడు చూడండి. ఫార్మాట్ 2 ఛానెళ్లు, 16 బిట్, 48000 హెర్ట్జ్ ఉండాలి, సాఫ్ట్‌వేర్‌లోనూ అదే అంకె ఉండాలి. ఎన్‌హాన్స్‌మెంట్లన్నీ ఆపేయాలి. లిజన్ ట్యాబులో టిక్కు ఉంటే తీసేయాలి, లేకపోతే ఒకే మాట రెండుసార్లు వినబడి బావిలోంచి మాట్లాడినట్టుంటుంది.

కొందరు క్యాప్చర్ డివైస్ ఆడియోను వదిలేసి క్యామెరా ఎరుపు తెలుపు తీగల్ని నేరుగా ల్యాప్‌టాప్ హెడ్‌సెట్ రంధ్రంలోకి పెడతారు. ఆ రంధ్రం మైక్‌ది. మైక్ ఇచ్చే మిల్లీవోల్టులను పెంచడానికి చేసింది, పైగా మోనో. క్యామెరా లైన్ అవుట్ దానికి వందరెట్ల బలంతో వస్తుంది కాబట్టి గొంతులు పగిలి, వెనక బుసకొట్టే ధ్వని కూడా పెరుగుతుంది. డెస్క్‌టాప్ వెనకున్న నీలంరంగు లైన్ ఇన్ మాత్రం సరైనదే, గులాబీరంగుది కాదు.

లెవెల్ ఎప్పుడూ టేపులో అన్నిటికంటే గట్టిగా ఉన్నచోట పెట్టుకోవాలి. మన పెళ్లి టేపుల్లో అది గట్టిమేళం. అక్కడ మీటరు మైనస్ 6 డెసిబెల్ దాటకుండా, మామూలు మాటలప్పుడు మైనస్ 18 అటూఇటూ ఉండేలా చూడండి. తగ్గించి ఎక్కిస్తే తర్వాత పెంచుకోవచ్చు. సున్నా తాకి పైభాగం బల్లపరుపుగా తెగిపోయిన అలను తిరిగి తేలేం. లెవెల్ ఎంత తగ్గించినా గట్టిమేళం దగ్గర ఇంకా పగులుతుంటే ఆనాడే క్యామెరా మైక్ తట్టుకోలేకపోయిందని అర్థం.

చిటపటలు, తెగిపోవడాలు

రెండుసార్లు ఎక్కించినప్పుడు క్లిక్కులు వేరువేరు చోట్ల పడ్డాయనుకుందాం. క్యాప్చర్ డివైస్‌ను యూఎస్‌బీ హబ్బు నుంచి తీసి నేరుగా కంప్యూటర్ పోర్టుకు, వీలైతే మౌస్ కీబోర్డ్ లేని వైపు పెట్టండి. ఆ గంటసేపు బ్రౌజర్, క్లౌడ్ సింక్, యాంటీవైరస్ స్కాన్ ఆపండి. ల్యాప్‌టాప్ పవర్ ప్లాన్ హై పర్ఫామెన్స్‌లో పెట్టండి. పెన్‌డ్రైవ్‌లోకి నేరుగా రికార్డు చేయకండి, లోపలి డిస్కులోకి తీసి తర్వాత కాపీ చేసుకోండి. అప్పటికీ ఆగకపోతే హెడ్ మురికి కావచ్చు, కింద చెప్పిన క్లీనింగ్ క్యాసెట్టు వాడి చూడండి.

ఒకే చోట పడుతుంటే టేపు సంగతి. క్యాసెట్టు కిటికీలోంచి వెలుతురుకు పెట్టి చూడండి. చుట్ల అంచున తెల్లటి పొడో మచ్చలో కనిపిస్తే బూజు. కోస్తా ఉక్కపోతలో అటకమీద ఇరవై ఏళ్లున్న టేపులకు ఇది ఆశ్చర్యం కాదు. దాన్ని ఆడించకండి. బూజు హెడ్‌కు అంటి తర్వాత పెట్టే మంచి టేపుల్ని కూడా పాడుచేస్తుంది. అలాంటివి శుభ్రం చేసే అలవాటున్నవాళ్లకు ఇవ్వడమే దారి. బూజు లేకపోతే టేపును ఒకసారి చివరిదాకా తిప్పి మళ్లీ మొదటికి తెచ్చి, పొడిరకం క్లీనింగ్ క్యాసెట్టును 10 సెకన్లు ఆడించి ప్రయత్నించండి. క్లీనింగ్ క్యాసెట్టును వెనక్కి తిప్పి వాడకూడదు, ఊరికే వాడితే హెడ్ అరిగిపోతుంది. దూదిపుల్లతో తిరిగే డ్రమ్మును ముట్టుకోకండి.

ఎల్‌పీ మోడ్‌లో (టేపు ఎక్కువసేపు వచ్చేలా నెమ్మదిగా నడిపే పద్ధతి; మామూలుది ఎస్‌పీ) తీసిన మినీడీవీ టేపు ఇంకో రకం తలనొప్పి. ఎస్‌పీలో ట్రాక్ వెడల్పు 10 మైక్రాన్లయితే ఎల్‌పీలో 6.7 మాత్రమే. తీసిన క్యామెరా కాక వేరేది పెడితే ధ్వని తెగి తెగి వచ్చి బొమ్మ గళ్లుగళ్లుగా విరుగుతుంది. తీసిన క్యామెరా కోసమే వెతకండి, బంధువుల బీరువాలో ఉంటుంది.

టేపులోనే ఉన్న రొద

వీహెచ్‌ఎస్ హైఫై, హై8 టేపుల్లో టేపు ఆడుతున్నప్పుడే వచ్చి, ఆపగానే పోయే గరగర ఒకటుంది. తిరిగే హెడ్లు ఒకదాన్నుంచి మరొకదానికి మారే క్షణంలో పుట్టేది, మన దేశంలో వాడే పాల్ (PAL) పద్ధతి టేపుల్లో సెకనుకు 50 సార్లు. అందుకే కరెంటు హమ్ అని పొరబడతారు. వీసీఆర్‌లో ట్రాకింగ్ మెల్లగా జరిపితే తగ్గుతుంది. తగ్గకపోతే ఆడియో బటన్ నొక్కి హైఫై నుంచి మామూలు మోనో ట్రాకుకు మార్చండి. బుస్సుమంటుంది గానీ గరగర ఉండదు.

ఆ బటన్‌కు ఇంకో ఉపయోగం ఉంది. వీహెచ్‌ఎస్‌లో ఆడియో డబ్ చేసినప్పుడు కొత్త ధ్వని మోనో ట్రాకు మీదే పడుతుంది. హైఫై ట్రాకును బొమ్మతోపాటు తప్ప విడిగా చెరపడం కుదరదు. కాబట్టి సినిమా పాటలు డబ్ చేసిన టేపు అసలు హైఫైలో తీసినదైతే, కాపీ కాకపోతే, పాట కింద తాతయ్య గొంతు ఇంకా ఉండవచ్చు. 12 బిట్ మినీడీవీలోనూ అంతే: క్యామెరా మెనూలో ఆడియో మిక్స్‌ను ఎస్‌టీ1 వైపుకు జరిపితే అసలు ధ్వని, ఎస్‌టీ2 వైపుకు జరిపితే డబ్ చేసినది.

మిగిలినదాన్ని ఆడాసిటీ అనే ఉచిత ధ్వని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌తో తగ్గించండి. ముందు అసలు ఫైలును ముట్టుకోకుండా పక్కన పెట్టి కాపీ మీద పనిచేయండి. ఎవరూ మాట్లాడని రెండు సెకన్లు ఎంచుకుని ప్లాట్ స్పెక్ట్రమ్‌లో (ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత ధ్వని ఉందో చూపే గ్రాఫ్) సైజు 16384 పెట్టి చూడండి. శిఖరాలు 50, 100 దగ్గరుంటే మన కరెంటు, లేదా పైన చెప్పిన హెడ్ల గరగర. హైదరాబాద్‌లో ఎక్కిస్తున్న టేపులో శిఖరం 60 దగ్గర కనిపిస్తే అది అమెరికాలాంటి చోట తీసిన టేపులోనే ఉన్న రొద, మీ తీగల్ని ఎంత మార్చినా లాభం లేదు.

శిఖరమున్న ప్రతి అంకెకూ నాచ్ ఫిల్టర్ (ఆ ఒక్క అంకె దగ్గరి ధ్వనిని మాత్రమే కోసేది) విడివిడిగా, క్యూ విలువ (ఎక్కువైతే కోత సన్నగా ఉంటుంది) 20 నుంచి 30 మధ్య పెట్టి వేయండి. నాలుగైదు శిఖరాలతో ఆపండి. ఆ తర్వాతే నాయిస్ రిడక్షన్. అదే రెండు సెకన్లను నాయిస్ ప్రొఫైల్‌గా ఇచ్చి 6 నుంచి 9 డెసిబెల్ తగ్గించండి. 20 పెడితే గొంతులు నీళ్లలోంచి వచ్చినట్టుంటాయి. రెసిడ్యూ అన్న ఎంపిక నొక్కి ప్రివ్యూ వినండి, మీరు పారేస్తున్నది వినబడుతుంది. అందులో మాటలు తెలుస్తున్నాయంటే ఎక్కువ కోస్తున్నట్టే. క్యామెరాలు నిశ్శబ్దంలో మైక్‌ను తామే పెంచేస్తాయి కాబట్టి రొద అంతటా ఒకేలా ఉండదు. అరుగు మీద తీసిన భాగానికీ మండపానికీ ప్రొఫైల్ విడిగా తీసుకోండి.

శుభ్రం చేసిన ధ్వనిని 48 కిలోహెర్ట్జ్‌లోనే ఎక్స్‌పోర్ట్ చేసి బొమ్మకు కలపండి. కలిపాక టేపు మొదట్లో ఒకచోట, చివర్లో ఒకచోట డోలు మీద పుల్ల పడే క్షణాన్ని ఫ్రేము ఫ్రేముగా జరిపి చూడండి. మొదట్లో సరిపోయి చివర్లో దెబ్బ ముందో వెనకో వినబడితే ఆడియో నిడివిని బొమ్మ నిడివికి సాగదీసి గానీ కుదించి గానీ సేవ్ చేయండి.